తుంటి నొప్పి ఉన్న మా జూలీకి రోజూ మర్దన: ఇప్పటిదాకా ఎలా ఉందంటే

జూలీ మా ఇంటి లాబ్రడార్, పదకొండేళ్లు నిండాయి. పైడితల్లమ్మ పండగ రోజుల్లోనే పొద్దున్నే లేవడానికి కష్టపడుతోందని గమనించాం, చలి మొదలయ్యేసరికి ముందుకాళ్లతో ఒళ్లంతా లాక్కుంటూ లేస్తుంటే చూడలేక గరివిడి వెటర్నరీ కాలేజీలో చూపించాం. తుంటి కీళ్లలో ఆర్థరైటిస్ అన్నారు, ఈ జాతిలో తుంటి సమస్యలు మామూలే. నొప్పికి మందు రాసిచ్చారు, బరువు తగ్గించమన్నారు, ఇంట్లో మెల్లగా మర్దన చేసుకోవచ్చన్నారు. ఆ మర్దన పని నేను తీసుకున్నాను, ఇప్పుడు రాత్రయితే ఎప్పుడు కూర్చుందామా అని నాకే ఉంటోంది. మన విజయనగరం జిల్లాలో ముసలి కుక్కల్ని చూసుకుంటున్నవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మర్దనతో ఆర్థరైటిస్ పోదు, ఇది ముందే చెప్పాలి. అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది. కాకపోతే కీలు నొప్పెడితే చుట్టూ ఉన్న కండలు బిగుసుకుంటాయి, బిగుసుకుంటే కుక్క కదలడం తగ్గిస్తుంది, కదలకపోతే కండ కరిగిపోయి ఆ భారం కూడా కీలు మీదే పడుతుంది. మర్దన ఆ బిగుతును కాస్త సడలిస్తుంది, కదలాలనే హుషారు తెస్తుంది. నా ఆశంతా అక్కడే.

మొదలుపెట్టినప్పుడు నా దృష్టి భుజాల మీదే. కుక్క మామూలుగా నిలబడినా బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్లే మోస్తాయి, వెనక నొప్పి ఉంటే ఇంకా ముందుకి వాలుతుంది. జూలీ భుజం ఎముక వెనక, మోచేతికి పైన ఉన్న లావు కండని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పట్టుకుంటే పిండిన తువ్వాలులా మెలి తిరిగి గట్టిగా తగిలింది. కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. అక్కడ అరచెయ్యి ఆనించి, కదపకుండా అలాగే ఉంచి, తర్వాత చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పుతూ ఉంటే కొన్నాళ్లకి మెత్తబడింది. నొప్పి ఉన్నది తుంటిలో అయినా దాని వల్ల పని పెరిగింది భుజానికీ మెడకీ, అందుకే అక్కడ చెయ్యి పెట్టగానే దానికి హాయిగా ఉంటోంది.

నేను చేసే పద్ధతి ఇది. తిండి తిన్న గంట తర్వాత, టీవీ ఆపేసి, టైల్స్ మీద కాకుండా పాత బొంత మీద పడుకోబెడతాను. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలుని నా మోచేతి లోపలివైపు పెట్టుకుని గోరువెచ్చగా ఉందనిపించాకే తుంటి మీద ఐదు నిమిషాలు వేస్తాను. తర్వాత మెడ నుంచి తోక మొదలు దాకా వెంట్రుకల దారిలోనే అరచేత్తో నిదానంగా నిమరడం. వెన్నుపూస ఎముకల మీద అస్సలు నొక్కను, దానికి అటూ ఇటూ ఉన్న కండ మీదే చెయ్యి. భుజాలు, ఛాతీ, ఆఖర్న తొడలు మెల్లగా పిసకడం. మొత్తం పదిహేను నిమిషాలు దాటనివ్వను. పెదాలు నాక్కున్నా, మొహం పక్కకి తిప్పేసినా, కంట్లో తెల్లగుడ్డు కనిపించినా, చర్మం అదిరినా అక్కడితో ఆపేస్తాను. పెద్ద నిట్టూర్పు వదిలి కాళ్లు చాపేసిందంటే బాగుందని లెక్క.

మా అమ్మ "నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాచి రాయరా నాయనా, మీకందరికీ అదే రాశాను" అంటుంది. మనుషులకి సరే. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, కర్పూరం కడుపులోకి వెళ్తే దానికి విషం, మనం తలనొప్పికి రాసుకునే బామ్‌లూ అంతే. అందుకని ఏ నూనే లేకుండా ఉత్త చేతులతోనే చేస్తున్నాను. పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ లాంటి మన మాత్రలు కూడా ఎట్టి పరిస్థితుల్లో వేయకండి, ప్రాణం మీదికొస్తుంది.

ధనుర్మాసం చలిలో ఒక రాత్రి పక్కటెముకల కింద నిమ్మకాయంత మెత్తటి గడ్డ చేతికి తగిలింది. ఒత్తయిన బొచ్చు కింద కంటికి కనపడే అవకాశమే లేదు. టెన్షన్‌తో తీసుకెళ్తే సూదితో తీసి పరీక్ష చేసి కొవ్వు గడ్డే, భయం లేదన్నారు. రిపోర్టు వచ్చేదాకా గడ్డ జోలికి వెళ్లొద్దన్నారు, ఇప్పటికీ దాని మీద నొక్కను. కాలి వేళ్ల సందుల్లో పిడుదులు కూడా ఇలాగే దొరుకుతున్నాయి, మన వైపు పిడుదు జ్వరాలు ఎక్కువ కాబట్టి ఇది చిన్న లాభం కాదు. రోజూ ఒకే చేతులు ఒళ్లంతా తడుముతుంటే నిన్న లేనిది ఇవాళ వెంటనే తెలిసిపోతుంది.

ఒళ్లు వేడిగా ఉన్నా, తిండి మానేసినా ఆ రోజు మర్దన లేదు. కుక్కకి మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి చేత్తో చూసి కంగారు పడకుండా థర్మామీటర్ పెట్టి చూడాలి. కొత్త దెబ్బ, వాపు, ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే డాక్టరు చూడకుండా చెయ్యి వేయకూడదు.

ఇప్పటి పరిస్థితి: వరండా మెట్టు తనంతట తానే ఎక్కుతోంది. సాయంత్రం అయ్యకోనేరు గట్టు దాకా వచ్చి, కాసేపు కూర్చుని, మళ్లీ నడిచే వస్తోంది. మేడ మెట్లు మాత్రం ఇంకా ఎక్కలేకపోతోంది, మంచు పడిన పొద్దుట కాళ్లు బిగుసుకునే ఉంటున్నాయి. మందు పనిచేసిందా, అన్నం తగ్గించి బరువు దించడం పనిచేసిందా, మర్దనా అంటే మూడూ కలిసే అని నా నమ్మకం. ఈసారి వెళ్లినప్పుడు వెనక కాళ్లని మెల్లగా ముడిచి చాపే వ్యాయామం డాక్టరు గారి దగ్గర చూసి నేర్చుకోవాలి, ఈలోగా హాల్లో టైల్స్ మీద జారకుండా రబ్బరు మ్యాట్లు కొనాలి.