27 కిలోల మోటారు, 51 కిలోల నేను

మాది 22 అడుగుల ఫైబర్ పడవ. తెరచాపలున్నాయి కదా, మోటారెందుకని చాలామంది అడుగుతారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ల మధ్య నుంచి గాలిని నమ్ముకుని బయటపడేంత పనితనం నాకు లేదు. అందుకే 5 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారొకటి కొన్నాం. బరువు 27 కిలోలు. దాన్ని పడవకే వదిలేసి ఇంటికి రాలేం. ఉప్పుగాలి ఒక కారణం, ఎవరో ఒకరు విప్పుకుపోతారన్న భయం అసలు కారణం. కాబట్టి వెళ్లిన ప్రతిసారీ జ్ఞానాపురం నుంచి ఆటోలో తీసుకెళ్లి తగిలించాలి. తిరిగొచ్చాక విప్పి ఇంటికి తెచ్చి, లోపలి ఉప్పు పోయేలా మంచినీళ్ల డ్రమ్ములో నిలబెట్టి కాసేపు నడపాలి.

మోటారు తగిలించే బ్రాకెట్ పడవ అమరంలో, అంటే వెనక కొసన, బయటి వైపుంటుంది. మొన్నటిదాకా మా ఆయన వంగి, మోటారుని చేతులతోనే అవతలికి దించేవాడు. ఫిబ్రవరిలో ఒకరోజు సరిగ్గా ఆ క్షణంలోనే పక్కనుంచి ఒక బోటు పోయింది. దాని అలకి మా పడవ ఎగిరింది. మోటారు ఆయన చేతుల్లోనే ఉంది, కానీ ఆయన నడుం బ్రాకెట్ అంచు మీద పడింది. డిస్క్ జరిగిందన్నారు. ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు. ఆరు వారాలేమిటి, ఇక ఎప్పటికీ వద్దని నేనే అన్నాను. మరి ఎవరెత్తాలి? నా బరువు 51 కిలోలు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 వరకు 61 రోజులు ట్రాలర్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. అలలు రేపేవాళ్లుండరు. ప్రయోగాలేవైనా చేస్తే ఇప్పుడే చెయ్యాలనుకున్నాను.

కప్పీలు మా పడవలోనే ఉన్నాయి. తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్‌ని అదుపు చేసే తాడు, రెండు జంట కప్పీల మీదుగా నాలుగు పేటలుగా తిరుగుతుంది. కింది కొస ఊడదీసి మోటారుకి తగిలిస్తే అదే హాయిస్ట్, బరువులెత్తే సాధనం. లెక్క ప్రకారం 27 కిలోలకి ఏడు కిలోల బలం చాలు. కప్పీల్లో ఒరిపిడి కలుపుకుంటే తొమ్మిదో పదో. మోటారు మీటరు లేవాలంటే తాడు నాలుగు మీటర్లు లాగాలి, అంతే కదా. ఈ లెక్క కాగితం మీద రాసుకుని చాలా మురిసిపోయాను.

మొదటిసారి లాగితే మోటారు లేచింది. లేచి తిన్నగా నా మొహం మీదకొచ్చింది. నేను లాగే కొస కింది కప్పీ నుంచి వస్తోంది. అంటే లాగిన ప్రతిసారీ మోటారుని నా వైపే గుంజుకుంటున్నాను. పైగా తాడుని పట్టి ఉంచే పళ్ల క్లీట్ కూడా ఆ కప్పీకే ఉంది. దాంతో అదీ మోటారుతోపాటు గాల్లో ఊగుతోంది. వదలాలంటే తాడుని పైకి గుంజి పళ్ల నుంచి తప్పించాలి. తప్పించిన మరుక్షణం బరువంతా ఒక్కసారిగా చేతికొచ్చింది. అరచేయి కాలింది.

ఆ కాలిన చేయి చూసే నాన్న అడిగారు, "ఏటమ్మా అది?" అని.

నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో ఖలాసీగా చేసి రిటైరయ్యారు. టన్నుల కొద్దీ ఇనుప పలకల్ని చైన్ పుల్లీలతో, స్లింగులతో ఎత్తి దించిన మనిషి. ఆయన్ని ఒక్క మాట అడగకుండా యూట్యూబ్ చూసి కప్పీలు కట్టిన నన్ను ఏమనాలి? ఆయన మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు మోకాళ్ల నొప్పితోనే నాతో హార్బర్‌కి వచ్చి, జెట్టీ మీద ఇనుప గుంజ మీద కూర్చుని, "ఇంకోసారి ఎత్తు, చూస్తాను" అన్నారు.

చూసి, ముందు కప్పీల్ని తలకిందులు చేయించారు. లాగే కొస పై కప్పీ నుంచి రావాలన్నారు. పళ్ల క్లీట్‌ని నమ్మొద్దు, కొసని పడవలో తాళ్లు బిగించే వించ్ డ్రమ్ముకి మూడు చుట్లు వెయ్యమన్నారు. అలా చుడితే ఒక్క చేత్తో అంగుళం అంగుళం వదలొచ్చు. బూమ్ కొసని పట్టి ఉంచే సన్న తాడుని చూసి మొహం చిట్లించారు. తెరచాపని ఎత్తే మెయిన్ హాలియర్డ్‌ని తెచ్చి ఆ కొసకి అదనంగా కట్టించారు.

దీంతో సగం పని అయింది. బూమ్‌ని పక్కకి తిప్పి జెట్టీ మీది మోటారుని అందుకుని, లోపలికి తిప్పి కాక్‌పిట్‌లో, అంటే పడవలో మేం కూర్చునే పల్లపు చోట, దించగలిగాను. కానీ బూమ్ పొడవు అమరం దాకా లేదు. బ్రాకెట్ ఇంకా మూడడుగుల దూరం. వేలాడే మోటారుని అంత దూరం నెట్టి పట్టుకోవడమంటే మళ్లీ నడుముకే చేటు. వెనకున్న స్టీల్ రెయిలింగ్‌కి కప్పీ కడదామన్నాను. "పట్టుకుని నిలబడ్డానికేసిన గొట్టమే అది. దానికి బరువు కడతావా?" అన్నారు.

ఆయన చెప్పింది సరుగుడు కర్ర. ముంజేయి లావు, ఏడడుగుల పొడవు. టింబర్ డిపోలో కొన్నాం. కర్ర మొదలు జారకుండా ఒక చెక్క దిమ్మలో గుంట చెక్కించి, దాన్ని అమరం మూల, లోపలి వైపు బిగించాను. తలకి కప్పీ. బూమ్ నుంచి విప్పిన హాలియర్డే ఇప్పుడు కర్ర తలని పైనుంచి పట్టి ఉంచుతుంది. పక్కలకి రెండు తాళ్లు. ఒకటి వదిలి ఒకటి లాగితే కర్ర కాక్‌పిట్ మీద నుంచి బ్రాకెట్ మీదికి తిరుగుతుంది. తల బయటికి వాలేది ఒకటింపావు అడుగు కాబట్టి హాలియర్డ్ మీద పడే బరువు 20 కిలోల లోపే. ఈ లెక్క నాది. నాన్న లెక్కెయ్యలేదు, హాలియర్డ్‌ని వేలితో మీటి చూసి ఊరుకున్నారు.

మోటారుని వేలాడదీసే పట్టీ సంగతి చెప్పాలి. మోటారుకి మోసే పిడి ఉంది గానీ దాన్ని పట్టి ఎత్తితే మోటారు ఒరిగిపోతుంది, బిగింపులు బ్రాకెట్‌కి ఎదురుగా రావు. పాత కారు సీటు బెల్టు తీసుకెళ్లి వన్‌టౌన్‌లో టార్పాలిన్లు కుట్టే ఆయన చేత పట్టీ కుట్టించాను. మూడోసారికి గానీ మోటారు నిటారుగా వేలాడలేదు. అన్నట్టు, ఫోర్ స్ట్రోక్ మోటారుని ఏ పక్కకి పడుకోబెట్టాలో దాని మీదే బొమ్మ ఉంటుంది. ఆటోలో తిరగేసి పడుకోబెడితే ఆయిల్ సిలిండర్‌లోకి దిగి, స్టార్ట్ చేశాక జెట్టీ అంతా పొగే. ఎలా తెలుసని అడక్కండి.

నాన్న ఎక్కువసేపు నేర్పింది ఎత్తడం కాదు, ఊగకుండా చూడటం. మోటారు కాడకి, ప్రొపెల్లర్‌కి పైన, ఒక సన్న తాడు కట్టించారు. ఎడమ చేత్తో దాన్ని బిగువుగా పట్టుకుంటే మోటారు ఎటూ తిరగదు. తల దగ్గర ఇంకో తాడు. దాని రెండో కొస పడవకి కట్టి ఉంటుంది. పట్టీ తెగినా మోటారు నీళ్లపాలు కాకుండా అది. పట్టీని కప్పీకి తగిలించే ఇనుప కొండీ, షాకిల్, దాని పిన్ను ఊడకుండా ఇనుప తీగ చుట్టించారు. ఆ షాకిల్ ఆయనదే. ఇంట్లో నా చిన్నప్పటి ఉయ్యాల దానికే వేలాడేదట.

నోటితో చెప్పేది తక్కువ. యార్డు మోతలో మాట వినపడదు కాబట్టి అన్నీ సైగలే. చూపుడు వేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని, కిందికి చూపి తిప్పితే దించమని, పిడికిలి బిగిస్తే ఎక్కడున్నది అక్కడ ఆపమని. మొదట్లో నవ్వొచ్చింది. నాలుగోసారికి మోటారుని కాకుండా ఆయన చేతినే చూస్తున్నాను.

నిషేధం అయిపోయిన తర్వాతి ఆదివారం పొద్దున్నే వెళ్లాం. మా ఆయన జెట్టీ మీదే, చేతులు కట్టుకుని. జెట్టీ నుంచి కాక్‌పిట్‌కి, కాక్‌పిట్ నుంచి బ్రాకెట్‌కి, మొత్తం 25 నిమిషాలు. నేనొక్కదాన్నే. ట్రాలర్లు తిరుగుతున్నాయి, అలలు కూడా వచ్చాయి. అల వచ్చినప్పుడల్లా చుట్లు బిగించి ఆగాను. బిగింపులు తిప్పి, పట్టీ విప్పి, కర్ర లోపలికి తిప్పి, పెట్రోల్ పైపు తగిలించి, స్టార్టర్ తాడు పట్టుకుని గర్వంగా జెట్టీ వైపు చూశాను.

నాన్న రెండు పిడికిళ్లూ బిగించి ఉన్నారు.

కాడకి కట్టిన సన్న తాడు విప్పనే లేదు. ప్రొపెల్లర్ పక్కనే నీళ్లలో తేలుతోంది.