తాళం చెవి జేబులో వేసుకున్న బ్రౌన్

మా పిన్ని కొడుకు టొరంటోలో జార్జ్ బ్రౌన్ కాలేజీలో చదువుతున్నాడు. మొన్న ఫోన్లో "ఇంతకీ ఈ బ్రౌన్ ఎవర్రా, మన సీపీ బ్రౌన్‌కి చుట్టమా?" అంటే, "ఏమో అన్నయ్యా, ఫీజు కట్టేటప్పుడు తప్ప ఆ పేరు చూడను" అన్నాడు. సరే, నేనే కూర్చుని చదివాను.

బ్రౌన్ గ్లోబ్ అనే పత్రిక నడిపిన కెనడా రాజకీయ నాయకుడు. ఆరడుగుల పైన ఎత్తు, దానికి తగ్గ మొండితనం. ఎదుటి పక్షం నాయకుడు, తర్వాత కెనడా తొలి ప్రధాని అయిన జాన్ ఎ. మెక్‌డొనాల్డ్‌కీ ఇతనికీ పడేది కాదు. సిద్ధాంతాల గొడవ ఒక్కటే అయితే ఫర్వాలేదు, కింగ్‌స్టన్ జైలు మీద వేసిన విచారణ కమిషన్‌లో బ్రౌన్ సాక్ష్యాలు తారుమారు చేశాడని 1856లో మెక్‌డొనాల్డ్ నిండు సభలో అనేశాడు. ఇక మాటల్లేవు.

అప్పటి కెనడా అంటే ఇప్పటి ఒంటారియో, క్యూబెక్ ముక్కలే. ఒకటే అసెంబ్లీ, చెరి సగం సీట్లు. ఇంగ్లీషు వాళ్ళ వైపు జనం పెరిగారు కాబట్టి జనాభాని బట్టి సీట్లివ్వాలని బ్రౌన్ పట్టు, ఇస్తే మా భాష, మా మతం ఏం కావాలని ఫ్రెంచి వాళ్ళ భయం (డీలిమిటేషన్ అనగానే మన దక్షిణాదిలో రేగే గొడవ లాంటిదే). 1861 నుంచి 64 లోపు రెండు ఎన్నికలు, నాలుగు ప్రభుత్వాలు. పక్కన అమెరికాలో అంతర్యుద్ధం.

1864లో బ్రౌన్ అన్ని పక్షాల వాళ్ళతో ఒక కమిటీ వేయించాడు. అందరూ లోపలికి రాగానే తలుపుకి తాళం వేసి చెవి జేబులో వేసుకుని, ఇక మాట్లాడుకోక తప్పదు అన్నాడట. ఫెడరల్ పద్ధతే (పైన ఒక కేంద్రం, కింద ఎవరి రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళకి) దారి అని జూన్ 14న కమిటీ తేల్చింది, కాదన్న ముగ్గురిలో మెక్‌డొనాల్డ్ ఒకడు. తమాషా ఏంటంటే అదే రోజు రెండు ఓట్ల తేడాతో అతని సర్కారు పడిపోయింది. ఇంకెవరైనా అయితే టపాసులు కాల్చేవాళ్ళు, బ్రౌన్ మాత్రం ఈ చిక్కు తెంచుతానంటే మీతో కలుస్తానని మధ్యవర్తులతో కబురు పెట్టాడు. ఆ మాట సభలో బయటపెట్టిన రోజు, పొట్టిగా ఉండే ఒక ఫ్రెంచి సభ్యుడు పరుగెత్తుకొచ్చి, ఎగిరి బ్రౌన్ మెడ పట్టుకుని కాసేపు అలాగే వేలాడాడంట!

అలా ఇద్దరూ ఒకే ప్రభుత్వంలో చేరారు. ఆ అక్టోబర్‌లో క్యూబెక్‌లో కూర్చుని కొత్త దేశం ఎలా ఉండాలో 72 తీర్మానాలు రాసుకున్నారు, 1867 జూలై 1న నాలుగు రాష్ట్రాలతో కెనడా పుట్టింది. నాకు ముచ్చటేసింది ఏంటంటే, ఎక్కడో పడమర ఉన్న బ్రిటిష్ కొలంబియా రేపు చేరతానంటే ఎలా అన్నది కూడా అప్పుడే రాసిపెట్టారు. అది 1871లో చేరింది.

వీళ్ళని దేవుళ్ళని చేయక్కర్లేదు. ఆ నేల అసలు సొంతదారులైన ఆదివాసులని ఎవరూ అడగలేదు. వాళ్ళ పిల్లల్ని ఇళ్ళనుంచి లాక్కెళ్ళిన రెసిడెన్షియల్ స్కూళ్ళ పాపంలో మెక్‌డొనాల్డ్ వాటా పెద్దది, టొరంటోలో అతని విగ్రహాన్ని 2020 నుంచి 2025 దాకా చెక్కపెట్టెలో మూసి ఉంచింది అందుకే.

అన్నట్టు, బ్రౌన్, మెక్‌డొనాల్డ్ స్నేహితులేం కాలేదు. బ్రౌన్ 1865 డిసెంబర్‌లోనే మంత్రి పదవి వదిలేశాడు, మళ్ళీ పాత కక్షలు మొదలు. 1880లో, పనిలోంచి తీసేసిన ఒకడు తుపాకీ పేలిస్తే కాలికి తగిలి, ఆ గాయంతోనే పోయాడు.

ఇదంతా చెప్తే మావాడు "ఇద్దరి విగ్రహాలూ క్వీన్స్ పార్క్‌లోనే ఉన్నాయట అన్నయ్యా, ఆదివారం వెళ్ళి ఫోటో పంపుతా" అన్నాడు. మూడు ఆదివారాలైంది.