తెల్ల పూత

వాన వెలిసిన సాయంత్రం ప్రైమర్, అంటే రంగుకి ముందు డబ్బాతో స్ప్రే చేసే పూత, కొట్టకూడదని నాకు తెలుసు. తెలిసీ కొట్టాను. అదొక బాధ. మరిది అన్న మాట ఇంకో బాధ. నిద్ర పట్టనివ్వనిది ఆ రెండోదే.

నేను రంగులు వేసే చిన్న ప్లాస్టిక్ బొమ్మలవి, వాటర్లూ యుద్ధం పెట్టెలోని ఎర్రకోటు సిపాయిలు. ఒక్కొక్కడు 28 మిల్లీమీటర్లు. అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి పూసిన జిడ్డు మిగిలిపోతే రంగు పట్టదని పొద్దున్నే పది మందినీ సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టాను. ఒక్కొక్కణ్ణీ సీసా మూత మీద అంటించి, డాబా మీద అట్టపెట్టెలో నిలబెట్టి, జానెడు దూరం నుంచి తెల్ల ప్రైమర్ కొడుతున్నాను. అప్పుడొచ్చాడు మరిది. "ఎలాగూ ఎర్ర రంగే వేస్తారుగా వదినా, మధ్యలో ఈ తెల్లది దండగ కాదూ?" అని, జవాబు వినకుండానే టిఫిన్‌కి దిగిపోయాడు.

దండగట! నున్నటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు. చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, ఎత్తుగా ఉన్న అంచుల మీద పలచబడుతుంది, ఆరాక గోరు తగిలితే లేచొస్తుంది. పైగా నల్ల పూత మీద ఎరుపు ఎన్నిసార్లు వేసినా మసకగానే ఉంటుంది. తెలుపు మీదైతే వెలుగుతుంది.

ఈ సంగతి నాకు ఏ వీడియో చూసో తెలియలేదు. ఎనిమిదో తరగతి సెలవుల్లో నాన్న కొండపల్లి తీసుకెళ్ళారు. అరుగు మీద ఒక పెద్దాయన చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఏనుగుకి తొండం అతికిస్తున్నారు. పక్కన సున్నం పూసి ఆరబెట్టిన బొమ్మలు వరసగా ఉన్నాయి. ఏనుగులు, అంబారీలు, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, అన్నీ తెల్లగా. "వీటికి రంగులుండవా?" అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. ఆ బొమ్మలు చేసే పొణికి కర్ర ముక్క ఒకటి, ఏ పూతా లేనిది, నా చేతికిచ్చి, ఎర్ర రంగులో ముంచిన కుంచె అందించారు. నేను గీసిన గీత గీసినట్టే కర్రలోకి ఇంకి, పక్కలకి పాకి, కిళ్ళీ మరకలా మిగిలింది. అదే కుంచెతో ఆయన తెల్ల ఏనుగు నుదుటి మీద ఒక గీత లాగారు. కుంకుమలా నిలబడింది. ఆ పొణికి ముక్క పదో తరగతి దాకా నా జామెట్రీ బాక్సులోనే ఉంది.

ఇదంతా మరిదికి రేపు గట్టిగా చెప్పాలనే రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే అనిపిస్తోంది, ఆ కొండపల్లి పెద్దాయన ముందు నేను అడిగిందీ అలాంటి ప్రశ్నే కదా. కాదులే, నేను అక్కడే కూర్చున్నాను, ఇతను వెళ్ళిపోయాడు. మరి నేను వెనక్కి పిలిచానా? లేదు. అతను అడిగే వేళకే పూత గరుకుగా తేలుతోంది. గాలిలో తేమకి పొడి పొడిగా పడుతోంది. అది అతని కంట పడకూడదని డబ్బా పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను. కోపమంతా అక్కడిదే అనుకుంటాను.

ఇప్పుడు టేబుల్ లైటు కింద చూస్తే ముగ్గురి మీసాలు పూడుకుపోయాయి. కోటు గుండీల మీద ఇసుక చల్లినట్టుంది. మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే పైపొడి కొంత రాలుతోంది. రాలనివాళ్ళని ఆల్కహాల్‌లో నానబెట్టి, ఎండ కాసిన రోజు చూసుకుని మళ్ళీ మొదలుపెట్టాలి.

డ్రమ్ము కుర్రాడు మాత్రం బాగా వచ్చాడు. పెదవుల మధ్య గీత కూడా కనిపిస్తోంది.