వాగు దాటే బండి

మొన్న వానల్లో సీతారామపురం అవతల మా బత్తాయి తోటకు పోతుంటే, వాగు దాటే చోట కారు కింద ఠంగుమని మోగింది. దిగి చూస్తే ఇంజిన్ ఆయిల్ సంప్ పగిలి గులకరాళ్ల మీద నల్లగా కారిపోతోంది. సిగ్నల్ లేదు. నాయనను కార్లోనే ఉంచి రెండు గంటలు నడిచాను. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

అప్పట్నుంచీ బండ్లు చూస్తూనే ఉన్నా. నేలకూ బండి అడుగుకూ మధ్య మారుతి జిమ్నీకి 210 మిల్లీమీటర్లు, ఫోర్స్ గూర్ఖాకు 233. రెండూ ఫోర్ వీల్ డ్రైవే, రెండింటికీ లో రేంజ్, అంటే మెల్లగా పోతూ ఎక్కువ బలంతో లాగే గేరు, ఉంది. గూర్ఖాకైతే ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్ కూడా. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతున్నా, పట్టు దొరికిన రెండో చక్రానికి బలం అందుతుంది. నా మనసంతా దాని మీదే.

షెడ్డు మేస్త్రి మాత్రం, "అబ్బయ్యా, సోకు చూడబాకు. ఉదయగిరిలో సామాన్లు దొరికేది చూడు" అన్నాడు. నిజమే కదా!

ఫోర్ వీల్ డ్రైవ్ బొలెరో క్యాంపర్ తీసుకున్నా. వెనక తొట్టిలో కాయల క్రేట్లు కూడా పడతాయి.

నిన్న అదే వాగు. నీళ్లలో దిగేటప్పుడు నాయన పైనున్న పిడి గట్టిగా పట్టుకున్నాడు. గట్టెక్కాక మెల్లగా వదిలాడు.