వేళ్ళ సందులు పాసిపోతే ఏ మందు పూయాలి?

సార్వా ఊడ్పులు మొదలయ్యాయంటే డెల్టాలో మందుల షాపు ముందు తరచూ వినిపించే మాట: "వేళ్ళ సందులు పాసిపోయాయండీ, ఏదైనా ఆయింట్‌మెంట్ ఇవ్వండి." ఆ 'ఏదైనా' అన్న మాటే కొంప ముంచుతుంది.

కాలి చిటికెన వేలినీ పక్క వేలినీ విడదీసి చూడండి. చర్మం తెల్లగా నాని, పొరలుగా ఊడొస్తూ, అడుగున ఎర్రగా ఉంటే అది చాలావరకు ఫంగసే. బురద వల్ల వచ్చిందంటారు గానీ బురద ఫంగస్‌ని పుట్టించదు, నానిన చర్మం దానికి చోటిస్తుందంతే. రొయ్యల చెరువు మీద రోజంతా గంబూట్లలో చెమట పట్టే కాలికీ ఇదే గతి.

షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో మూడు నాలుగు మందులు కలిపినవి ఉంటాయి. పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, ఈ మూడింట్లో ఏ పేరున్నా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. రెండు రోజుల్లో దురదా ఎరుపూ తగ్గుతాయి. మంచి మందనుకుంటాం. నిజానికి ఫంగస్‌తో పోరాడే ఒంటి శక్తిని అది అణిచేస్తుంది. పూయడం ఆపగానే దురద తిరగబెడుతుంది, మళ్ళీ అదే ట్యూబు తెస్తాం. ఈలోపు మచ్చ అంచు చెరిగిపోయి, చూడగానే ఇది ఫంగస్ అని డాక్టరే పోల్చుకోలేని స్థితికొస్తుంది. చర్మం కూడా పల్చబడుతుంది.

ఒకే మందున్న క్రీము అడగండి. టెర్బినఫైన్ 1 శాతం అయితే రోజుకి రెండుసార్లు, ఒకటి రెండు వారాలు. క్లోట్రిమజోల్ 1 శాతం అయితే రోజుకి రెండుసార్లు, నాలుగు వారాలు. సబ్బుతో కడిగి, ప్రతి సందులోనూ పాత నూలు గుడ్డతో తడి లేకుండా ఒత్తి, మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల వరకు పల్చగా రాయాలి. దురద పోయిందని నాలుగో రోజున మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ గుడ్డతో గజ్జలు తుడవొద్దు, అక్కడా అంటుకుంటుంది.

గోరింటాకు ముద్ద రాత్రంతా సందుల్లో పెడితే ఆ తడిలో చర్మం ఇంకా నానుతుంది, పండాక ఆ ఎరుపులో పుండు ఎరుపు కనపడదు. మైలుతుత్తం, కిరసనాయిలు చర్మాన్ని కాల్చేస్తాయి. గోరు పసుపుపచ్చగా మందమైతే పైపూత చాలదు, చాలామందికి మాత్రలు కావాలి. అవి డాక్టరే రాయాలి.

గోదావరి జిల్లాల్లో బోదకాలున్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. పాసిన సందులోంచే బాక్టీరియా లోపలికి వెళ్ళి, చలిజ్వరం, కాలు వాపు తెస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ వాపు పెరుగుతుంది. షుగరున్నవాళ్ళకీ ఆ పగులే ప్రమాదం. కాలు ఎర్రబడి వేడెక్కినా, చీము వాసనొచ్చినా, జ్వరం తగిలినా క్రీము రాస్తూ కూర్చోకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి.