పడిపోకుండా, బాగుపడకుండా

కాలిఫోర్నియాలోని బోడీకి దోవ. 395 హైవే దిగి 270 రోడ్డెక్కాక పది మైళ్ళు తారు రోడ్డు. ఆ తర్వాత మూడు మైళ్ళు రాళ్ళూ, గుంతలూ, దుమ్మూ. ఆ మూడు మైళ్ళలో మా నాయన నోరు విప్పింది ఒక్కసారే. "బంగారం ఉండే చోటికి దోవ ఎప్పుడూ ఇంతేరా" అన్నాడు.

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. ఇరవై రెండేళ్ళు కోలార్ బంగారు గనుల్లో పంపుల ఫిట్టరుగా చేశాడు. రోజూ ఇనుప పంజరంలాంటి లిఫ్టులో పాతాళానికి దిగి, చెమటలో తడిసి పైకొచ్చేవాడు. 2001లో గనులు మూతపడ్డాక కుప్పం దగ్గర మా పల్లెకొచ్చి సేద్యం మొదలుపెట్టాడు. ఈ వేసవిలో మూడు నెలలు మాతో ఉందామని ఫ్రీమాంట్ వచ్చాడు. అమ్మ మోకాళ్ళ నొప్పులని రాలేదు. ఆయనకి ఏం చూపించాలో నాకు తోచలేదు. గోల్డెన్ గేట్ వంతెన ముందు పది నిమిషాలు నిలబడి "బాగుంది, పోదామా" అన్నాడు. అద్దాల మేడలూ, మాల్సూ ఆయనకి పట్టలేదు. ఒకరోజు రాత్రి మాటల్లో, కాలిఫోర్నియాలోనూ బంగారం తవ్వారు, ఆ ఊళ్ళు ఇప్పుడు పాడుబడి ఉన్నాయి అన్నాను. మర్నాడు కాఫీ తాగుతూ ఆయనే అడిగాడు, ఆ పాడుబడ్డ ఊరెంత దూరమని.

ఆ ఊరే బోడీ. సెప్టెంబరు మొదట్లో బయల్దేరాం. నేను, నాయన, మా ఏడేళ్ళ పాప. యోసెమిటీ మీదుగా టయోగా కనుమ దాటి, మోనో సరస్సు పక్కనున్న లీ వైనింగ్‌లో రాత్రి పడుకున్నాం. పొద్దున్నే పెరుగన్నం, మామిడికాయ తొక్కు కట్టుకుని, నీళ్ళ సీసాలు సర్దుకున్నాం. బోడీలో తిండి కొట్టు లేదు, పెట్రోలు బంకు లేదు.

కారు దిగి నాలుగడుగులు వేసేసరికి ఆయాసం. ఊరు 8,375 అడుగుల ఎత్తున ఉంది, మన తిరుమల కొండకి దాదాపు మూడింతలు. చెట్టన్నది లేదు. బూడిద రంగు గడ్డి పొదలు, గాలి, ఆ గాలికి కిర్రుమనే చెక్క ఇళ్ళు. ఎండకీ మంచుకీ నలిగి చెక్కలు మాగిన చింతపండు రంగుకి వచ్చాయి.

1859లో బోడీ అనే మనిషికి ఇక్కడ బంగారం జాడ దొరికింది. ఆ చలికాలంలోనే మంచు తుఫానులో చచ్చిపోయాడు. ఊరికి ఆయన పేరు పెట్టారు కానీ, ఇంగ్లిషులో ఆయన రాసుకున్న అక్షరాలు వేరు, ఊరి బోర్డు మీది అక్షరాలు వేరు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎముకలు వెదికి తెచ్చి ఊరి శ్మశానంలో పూడ్చారు. స్మారక స్తంభం కూడా చెక్కించారు. ఈలోగా 1881లో దేశాధ్యక్షుడు గార్ఫీల్డ్ హత్యకు గురయ్యాడు. దాంతో ఆ స్తంభం మీద అధ్యక్షుడి పేరెక్కింది. బోడీకి గుర్తు రాయి కూడా మిగల్లేదు. ఊరికి పేరిచ్చినవాడి గతే ఇది.

పదిహేనేళ్ళ పైచిలుకు అది చిన్న శిబిరంగానే ఉండిపోయింది. తర్వాత ఒక గని కూలి మంచి ఖనిజం బయటపడింది. 1877లో స్టాండర్డ్ కంపెనీ దిగింది. ఇక జనం చీమల్లా వచ్చిపడ్డారు. 1880 నాటికి ఏడెనిమిది వేల మంది ఉండేవారని అంచనా. మైలు పొడుగు బజారులో అరవైకి పైగా సారా దుకాణాలు. ఊళ్ళో హత్యలూ దోపిడీలూ ఎంత మామూలంటే, "బోడీ పోకిరి" అన్నది ఆ చుట్టుపక్కల ఒక సామెతైపోయింది. ఈ ఊరికి మకాం మారుస్తున్న ఇంటి చిన్నపిల్ల "సెలవు దేవుడా, మేం బోడీ పోతున్నాం" అని ప్రార్థించిందని ఒక కథ చెప్తారు. బోడీ పత్రికవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ పిల్ల అన్నది "భలే! దేవుడి మీద ఒట్టు, మేం బోడీ పోతున్నాం" అనేనట. ఇంగ్లిషులో అది "గుడ్‌బై గాడ్" కాదు, "గుడ్, బై గాడ్", కామా పెట్టిన చోటులోనే తేడా అని వాదించారు.

ఇదే 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ కోలార్‌లో కాలుపెట్టింది. నాయనకి ఈ సంగతి చెప్తే లెక్క వేసుకున్నాడు. "మాది నూటిరవై ఏళ్ళు నడిచింది. ఇదెన్నేళ్ళు?" అన్నాడు. గట్టిగా నాలుగైదేళ్ళ వైభోగం, ఆ తర్వాత అరవై ఏళ్ళ క్షీణం అన్నాను. ఆయన ముఖంలో కాస్త గర్వం కనపడింది, మా గని మీ గనికన్నా మొనగాడు అన్నట్టు.

ఇప్పుడు నిలబడి ఉన్నవి వంద పైచిలుకు కట్టడాలు. ఒకప్పటి ఊరిలో అది పిసరంత. 1892లో ఒకసారి, 1932లో ఒకసారి అగ్గి అంటుకుంది. రెండో అగ్గికి కారణం అగ్గిపుల్లలతో ఆడుకున్న ఒక పసివాడని చెప్తారు. బ్యాంకు కాలిపోయి దాని ఖజానా గది మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది. మా పాప దాని చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చి "డబ్బులేవి తాతా?" అంది.

కిటికీల్లోంచి చూడ్డమే ఇక్కడ పని. చాలా ఇళ్ళకి తాళాలు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే కొట్లో అరల నిండా డబ్బాలు, సీసాలు. హోటల్లో బిలియర్డ్స్ బల్ల. బడిలో బెంచీల మీద పుస్తకాలు. ఒక ఇంట్లో గోడ కాగితం అరటాకు ఎండినట్టు చీలికలై వేలాడుతోంది. శవపేటికలు చేసే గదిలో ఒకటి మరీ చిన్నది. పాపని అక్కణ్ణుంచి తొందరగా లాక్కొచ్చేశాను.

స్వేజీ హోటల్ పక్కకి ఒరిగిపోయి ఉంది. దానికి దూలాలు ఆనించి నిలబెట్టారు. నాయన ఆ దూలాల దగ్గర చాలాసేపు ఆగాడు. ఎక్కడ ఆనించారు, బరువు ఎటు పోతోంది అని వంగి చూశాడు. తర్వాత అడిగాడు, "ఇంత ఖర్చు పెట్టేవాళ్ళు నిటారుగా లేపొచ్చు కదరా, రంగు కూడా వెయ్యలేదే?"

అదే ఇక్కడి పద్ధతి. 1962లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఈ ఊరిని చారిత్రక పార్కు చేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలని తీర్మానించుకున్నారు. కప్పు కారితే వేస్తారు, కిటికీ పగిలితే అతుకుతారు, పునాది కుంగితే ఎత్తుతారు. అంతకుమించి చెయ్యి పెట్టరు. పాతని కొత్తగా చెయ్యరు, ఒరిగినదాన్ని నిటారుగా లేపరు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు "అరెస్టెడ్ డికే", అంటే ఆపి ఉంచిన శిథిలం. శిథిలాన్ని అరెస్టు చేశారు నాయనా అన్నాను. "పాపం, అదేం తప్పు చేసింది?" అన్నాడు. కాసేపటికి ఆయనే, "మంచాన పడ్డ ముసలాయన్ని చూసుకున్నట్టు. లేచి నడవడు, పోనూ పోనివ్వరు" అన్నాడు. రేంజర్లు చెప్పే నిర్వచనం కన్నా నాకు ఇదే నచ్చింది.

కానీ ప్రభుత్వం వచ్చేదాకా దీన్ని కాచిందెవరన్నది అసలు కథ. జేమ్స్ కెయిన్ అని ఒకాయన వైభోగం రోజుల్లో కలప వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందరూ ఇళ్ళు వదిలి పోతుంటే ఆయన కొంటూ పోయాడు. బ్యాంకు కొన్నాడు, గనులు కొన్నాడు, చివరికి ఊళ్ళో చాలాభాగం ఆయనదే. 1942లో యుద్ధం పేరుతో ప్రభుత్వం బంగారు గనులు ఆపించింది. అదే ఏడు పోస్టాఫీసు మూసేశారు. మనుషులు లేని ఊరికి కెయిన్ కుటుంబం జీతమిచ్చి కాపలాదారులను పెట్టింది. ఇరవై ఏళ్ళ తర్వాత ప్రభుత్వానికి అమ్మింది వాళ్ళే. ఆ కాపలా లేకపోతే ఈ చెక్కలు ఎవరి పొయ్యిలోకో, ఈ ఇనుము ఎవరి తూకానికో పోయేది.

ఈ మాటకి నాయన తలాడించాడు. కోలార్ గనుల్లోని మారికుప్పంలో ఆయన పనిచేసిన షాఫ్టు దగ్గర ఇప్పుడు ముళ్ళపొదలు. మేముండిన లైన్లలో చాలా ఇళ్ళకి తలుపులు కూడా లేవు. "రాత్రికి రాత్రి ఇనుమంతా పోయింది. ఎవరెత్తుకుపోయారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు" అన్నాడు. మిగిలింది సైనైడ్‌తో బంగారం తీసేశాక పోసిన మట్టి దిబ్బలే. వాటిని ఎవరూ ఎత్తుకుపోలేరు కాబట్టి.

మధ్యాహ్నం మిల్లు లోపలికి గైడుతో వెళ్ళాం. స్టాండర్డ్ మిల్లు 1898లో కాలిపోతే మరుసటేడే మళ్ళీ కట్టారు. ఇరవై ఇనుప రోకళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. గనిలోంచి వచ్చిన రాయిని ఇవి దంచి పిండి చేస్తే, పాదరసం పూసిన రాగి పలకల మీద ఆ బురదని పారించి బంగారం పట్టేవారు. గైడు ఇంగ్లిషులో చెప్తున్నాడు, నాయన అంతకు ముందే పాపకి తెలుగులో చెప్పేస్తున్నాడు. రోకళ్ళ కింద అరిగిన ఇనుప దిమ్మల్ని ఎలా మార్చేవారో కూడా చెప్పాడు. గైడు ఆయన్ని చూసి, ఈయన మైనింగు మనిషా అని నన్నడిగాడు. అక్కణ్ణుంచి ఆయన మాటలకి నేను దుబాసీనయ్యాను. గుంపులోని మిగతావాళ్ళూ మా నాయన వైపే తిరిగి విన్నారు.

గైడు చెప్పిన వాటిలో నాయనకి బాగా నచ్చింది కరెంటు కథ. చుట్టూ కలప అయిపోయి, ఆవిరి యంత్రాల ఖర్చు భరించలేక, థామస్ లెగెట్ అనే ఇంజినీరు 13 మైళ్ళ అవతల గ్రీన్ క్రీక్ ఏటి మీద కరెంటు పుట్టించి తీగల మీద ఇక్కడికి తెచ్చాడు. 1893 నాటికి మిల్లు దాంతో నడిచింది. ఆ రోజుల్లో అది వింత. మలుపుల్లో కరెంటు జారి నేల మీద పడిపోతుందేమోనని స్తంభాలన్నీ తిన్నగా ఒక్క వరసలో పాతారట. నాయన పగలబడి నవ్వాడు. "శివనసముద్రం నించి మాకు కరెంటు వచ్చింది 1902లో. మావాళ్ళకి తొమ్మిదేళ్ళు ముందే వీళ్ళు భయపడ్డారన్నమాట!"

కలప అన్నాను కదా. ఆ కలప కోసం 1881లో 32 మైళ్ళ రైలు మార్గమే వేశారు. చుట్టుపక్కల కొండల మీది పిన్యాన్ అనే పైన్ చెట్లనూ నరికి పొయ్యిల్లో పెట్టారు. ఆ చెట్ల గింజలు ఇక్కడి ఆదివాసులైన పైయూట్ ప్రజల తిండి. వాళ్ళ బతుకుని చూపించే ఇల్లేదీ ఈ ఊళ్ళో నాకు కనపడలేదు. వందలమంది చైనీయులు ఉండిన వీధీ అంతే, గుడితో సహా మాయం. శ్మశానంలోనూ మర్యాదస్తులు కంచె లోపల, పడుపు వృత్తిలో ఉన్న ఆడవాళ్ళు కంచె బయట. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుతామని అంటాం కానీ, 1962 నాటికి ఏం మిగిలిందన్నది మంట, డబ్బు, కులంలాంటి ఆ కంచె ముందే తేల్చేశాయి. ఈ పార్కు మీద నాకున్న అసంతృప్తి ఇదొక్కటే. అది పార్కు తప్పు కాదని తెలిసీ చెప్తున్నాను.

పోరాటాలూ జరిగాయి. 1980ల చివర ఒక కంపెనీ ఊరి వెనక కొండని మళ్ళీ తవ్వుతామని వచ్చింది. జనం అడ్డం తిరిగారు. 1994లో అమెరికా పార్లమెంటు బోడీని కాపాడే చట్టమే చేసింది. 2016 డిసెంబరు చివర్లో వచ్చిన భూకంపాలకి కొన్ని కట్టడాలు దెబ్బతింటే మళ్ళీ ఊతాలు కట్టి నిలబెట్టారు.

గని కార్మికుల సంఘం హాలే ఇప్పుడు మ్యూజియం. అందులో నన్ను కట్టిపడేసింది బంగారం తూచే త్రాసు కాదు, ఉత్తరాలు. ఇక్కడి మేకో, గాజు ముక్కో జేబులో వేసుకుపోయినవాళ్ళు రాసినవి. ఉద్యోగం పోయింది, కారు గుద్దుకుంది, భార్య వదిలేసింది, క్షమించండి, మీ మేకు మీకు పంపుతున్నాను అని. బోడీ వస్తువు పట్టుకెళ్ళినవాడికి శాపం తగులుతుందన్న పుకారు దొంగతనాలు ఆపడానికి ఒక రేంజరే పుట్టించాడని అంటారు. చర్చిలో "దొంగిలించవద్దు" అన్న ఆజ్ఞ రాసిన గుడ్డనే ఎవరో దొంగిలించుకుపోయారు మరి. ఆజ్ఞ ఆపలేనిదాన్ని శాపం ఆపింది.

పార్కింగ్ దగ్గర పెరుగన్నం తింటుంటే పాప గుప్పిలి విప్పింది. నీలం రంగు పింగాణీ పెంకు, గోరంత. "ఎక్కడ దొరికిందమ్మా?" అన్నాడు తాత. చర్చి పక్కన అంది. నేను అక్కడే కింద పడెయ్యమన్నాను. నాయన ఒప్పుకోలేదు. తింటున్న గిన్నె మూత పెట్టి, ఆయాసపడుతూ, పాప చెయ్యి పట్టుకుని చర్చి దాకా నడిచాడు. ఇరవై నిమిషాలకి తిరిగొచ్చారు. "ఎక్కడ తీసిందో అక్కడే పెట్టినాం. ఇంకోచోట పెడితే అది వట్టి పెంకు" అన్నాడు.

సాయంత్రం లీ వైనింగ్ చేరాక ఇంటికి ఫోన్ చేశాం. మా ఊళ్ళో తెల్లారుతోంది. నాయన స్పీకర్‌లో పెట్టి, అటక మీది రేకు పెట్టెలో తన బిళ్ళ ఉందేమో చూడమన్నాడు. గనిలో దిగేటప్పుడు ఇచ్చే నంబరు బిళ్ళ, ఇత్తడిది. మూసేసిన రోజు తిరిగివ్వకుండా తెచ్చుకున్నాడట. నాకిప్పటిదాకా తెలీదు. అమ్మ మోకాళ్ళని తిట్టుకుంటూ చెల్లెల్ని అటకెక్కించింది. కొంతసేపు చప్పుళ్ళు.

"దొరికిందయ్యా. నల్లగా మసిబట్టింది, నంబరు కనపడ్డం లే. కాస్త చింతపండేసి తోమేదా?"

"తోమొద్దే. అట్నే ఉండనీ."