తాళం చెవి ఎవరి జేబులో ఉండాలి

బ్యాటరీ, వైరు చుట్ట, ఎర్ర బటన్ ఉన్న ఇనుప పెట్టెను బండి వెనక కట్టుకొని ఒడిశాలోని రాయగడ జిల్లాలో తిరగడం తెలివైన పని కాదు. మందుపాతరల వార్తలు వింటూ పెరిగిన ప్రాంతం మాది. చెక్‌పోస్టులో ఆపితే పోలీసులను తప్పుపట్టలేం. అందుకే మా మేనల్లుడు, వాడి కాలేజీ స్నేహితులు వచ్చి, చిన్న రాకెట్ మోటార్‌ను, అంటే మందు కూరిన గొట్టాన్ని, స్టాండుకు బిగించి కాల్చి అది ఎంత బలంగా తోస్తుందో కొలుస్తాం, దూరం నుంచి అంటించే పెట్టె చేసిపెట్టమని అడిగినప్పుడు సర్క్యూట్ సంగతి తర్వాత, ముందు కాగితాలు చూపించమన్నాను.

గుణుపురంలో నాది పంపుసెట్ల వైండింగ్ షాపు. రాకెట్ల గురించి నాకు తెలిసింది తక్కువే కానీ, కరెంటు ఎక్కడ మోసం చేస్తుందో బాగా తెలుసు.

‘‘మందు మేమే కలుపుకుంటాం మావయ్యా, ఖర్చు తగ్గుతుంది’’ అన్నాడు మావాడు.

‘‘అయితే ఇంకో షాపు చూసుకో’’ అన్నాను.

1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నియమాలు లైసెన్సు లేకుండా ఇంట్లో మందు కలుపుకోవడానికి ఒప్పుకోవు. ఆ లైసెన్సులు చూసే కేంద్ర సంస్థ పెసో ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మందు కలుపుతూ వేళ్లు పోగొట్టుకున్నవాడికి నేను చేసే పెట్టెతో పనేమిటి? చివరికి కాలేజీవాళ్లే లైసెన్సు ఉన్న తయారీదారుతో మాట్లాడి, మోటార్లతో పాటు ఆయన మనిషి కూడా వచ్చేలా ఒప్పించారు.

ఆ తర్వాత రాయగడలో కలెక్టరేటు, పోలీసు కార్యాలయం, అగ్నిమాపక కేంద్రం. అర్జీ ఒడియాలో రాయాలి. మావాడికి తెలుగు కంటే ఒడియా రాతే బాగా వచ్చు కాబట్టి ఆ చిక్కు రాలేదు. ‘ఇది మా పరిధి కాదు’ అన్న మాట మాత్రం ప్రతి గదిలోనూ విన్నాం.

ఆ తిరుగుడంతటిలో నిజంగా పనికొచ్చిన మాట ఒక పోలీసు అధికారి నోట వచ్చింది. మావాడు గీసిన బొమ్మను ఆయన చాలాసేపు చూసి, ‘‘ఒకరు మోటార్ దగ్గర వైరు తగిలిస్తుంటే ఇంకొకరు ఇక్కడ బటన్ నొక్కితే?’’ అని అడిగారు. బొమ్మలో తాళం స్విచ్చు ఉంది కానీ, చెవి పెట్టెకే ఉండిపోతుంది. మావాడు ‘‘ఎవరూ నొక్కరు సార్’’ అన్నాడు. ఆయన నవ్వలేదు. మా షాపులో నేను మీద పడి పంపు విప్పుతుంటే కుర్రాడు మెయిన్ వేసిన రోజు నాకు గుర్తుంది. ఆ రోజు నుంచి ఫ్యూజు క్యారియర్ నా చొక్కా జేబులోనే ఉంటుంది.

పెట్టె తయారీ అక్కడి నుంచే మొదలైంది. తాళానికి చెవి ఒక్కటే, నకలు లేదు. మోటార్ దగ్గరికి నడిచేవాడి జేబులోనే అది వెళ్లాలి, అతనితోనే తిరిగిరావాలి. చెవి తిప్పితే రెండు చివరలా బజర్ మోగుతుంది. బటన్ స్ప్రింగుది, వేలు తీస్తే ఆగిపోతుంది. అమెరికా నేషనల్ రాకెట్రీ అసోసియేషన్ భద్రతా నియమావళి కూడా ఇలాంటి తాళం, వదిలితే ఆగే బటన్ రెండూ ఉండాలంటుంది.

దూరం దగ్గర వాదన వచ్చింది. ఆ నియమావళి ప్రకారం చిన్న మోటార్లకు 15 అడుగులు, పెద్ద వాటికి 30 అడుగులు చాలు. కానీ అది ఎగిరే రాకెట్ల లెక్క. స్టాండుకు బిగించిన మోటార్ గొట్టం పగిలితే ముక్కలు ఎటు పోతాయో చెప్పలేం. అరవై మీటర్లు ఉండాలన్నాను, మధ్యలో ఇసుక బస్తాలు కూడా. పోను రాను నూట ఇరవై మీటర్ల రాగి తీగ. అర చదరపు మిల్లీమీటరు వైరైతే దాని నిరోధమే నాలుగు ఓములు దాటుతుంది. మోటార్‌లోని మందును అంటించే ఇగ్నైటర్‌ది ఒక్క ఓము. బ్యాటరీ బలమంతా దారిలోనే అరిగిపోతుంది. అందుకని పన్నెండు వోల్టుల బ్యాటరీ, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు లాంటి రిలే, రెండూ మోటార్ వైపు బస్తాల వెనక పెట్టాం. పొడుగు వైరు రిలే కాయిల్‌కు మాత్రమే. రిలేలోనూ ప్రమాదం ఉంది, కాంటాక్టులు అతుక్కుపోతే బటన్ వదిలినా కరెంటు ఆగదు. అందుకే బ్యాటరీ దారిలో చేత్తో లాగేసే ప్లగ్గు ఒకటి పెట్టాను. ఇగ్నైటర్ తగిలించే ముందు అదే క్లిప్పులకు కారు బల్బు పెట్టి చూడాలి. బటన్ నొక్కకుండానే బల్బు వెలిగితే ఆ రోజుకు పరీక్ష లేదు.

ఇగ్నైటర్ తెగిందో లేదో చూడటానికి కుర్రాళ్లు అయిదు వాట్ల బల్బు పెడదామన్నారు. దాని గుండా 0.4 ఆంపియర్లు పోతాయి, కొన్ని రకాల ఇగ్నైటర్లు అంటుకోవడానికి అదే చాలు. ఎల్‌ఈడీకి 2.2 కిలో ఓముల రెసిస్టర్ కలిపి, అయిదు మిల్లీ ఆంపియర్లు మించకుండా చేశాం. ముల్లు కదిలే పాత మల్టీమీటర్‌తోనూ ఇగ్నైటర్‌ను చూడొద్దన్నాను. ఓము శ్రేణిలో అది వంద మిల్లీ ఆంపియర్ల పైన కూడా పంపగలదు. రేడియో రిమోట్ మాట ఎత్తనివ్వలేదు. ఎవరి సిగ్నల్‌కు ఏది పలుకుతుందో తెలియని వస్తువును నిప్పుకు కట్టడం నాకిష్టం లేదు.

వైర్లను డ్రిల్లు మిషను చక్‌కు బిగించి మెలితిప్పాం. జంటగా మెలిపడితే బయటి ప్రభావం తగ్గుతుంది. ఎండాకాలం సాయంత్రాలు కాలవైశాఖి గాలులు, ఉరుములు మామూలే. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది కూడా. ఉరుము వినపడగానే ప్లగ్గు లాగి, ఇగ్నైటర్ కొసలు రెండూ కలిపి మెలిపెట్టి, అందరూ దూరంగా వెళ్లిపోవాలని కాగితం మీద రాయించాను.

వంశధార ఇసుకలో, ఉదయం పూట, ఫైరింజను పక్కన ఉండగా పరీక్ష పెట్టాం. మొదటి మోటార్ చక్కగా కాలింది. రెండోదానికి లెక్కపెట్టి నొక్కితే ఏమీ లేదు. కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. చెవి తీసి మావాడి జేబులో వేసి, కూర్చోమన్నాను. నియమావళి చెప్పేది అరవై సెకన్లు; మేం చాలా ఎక్కువే ఆగాం, ఎవరో టీ కూడా పోశారు. అప్పుడు వాడొక్కడే వెళ్లి ముందు ప్లగ్గు లాగి, తర్వాత వైర్లు చూశాడు. మొదటి మోటార్ పొగకు క్లిప్పుల పళ్లు నల్లగా మసిబారాయి. ఎల్‌ఈడీని వెలిగించేంత కరెంటు ఆ మసిలోంచి పోయింది, ఇగ్నైటర్‌ను కాల్చేంత పోలేదు. ఎమరీ పేపరుతో రుద్ది, కొత్త ఇగ్నైటర్ పెట్టి, బల్బు పరీక్షతో సహా అంతా మళ్లీ మొదటినుంచి చేశాం. కాలింది.

ఇప్పుడు ఆ క్లిప్పుల స్థానంలో ఇత్తడి స్క్రూ టెర్మినళ్లు ఉన్నాయి. వాటినీ ప్రతిసారీ రుద్దాల్సిందే.